పింగళి సూరన

నల్లమల కొండలకు పడమట, కుందూనది చెంత నంద్యాల యున్నది. దానికి దక్షిణమున ఆళ్లగడ్డ. 16వ శతాబ్దమున ఈ సీమ నేలిన నంద్యాల రాజుల ఆదరమును పొందిన మహాకవి పింగళి సూరన. ఆయన తండ్రి అమరనామాత్యుడు, తల్లి అబ్బమాంబ.

సూరన కళాపూర్ణోదయమునకు పూర్వమే రాఘవపాండవీయమును రచించెను. అందలి పద్యములను ఒక విధముగ అన్వయించిన రామాయణము, మరియొక విధముగ అన్వయించిన భారతము తోచును. ఇంతటి దుష్కరకార్యమును సాధించిన కవి కీర్తికి వేరొక ప్రయత్న మక్కరలేదు. ఏదేని పురాణకథను గైకొని వర్ణనలతో పెంచిన చాలును. నాటి కవులు పలువురు నడచిన బాట అదియే. సూరన ఆ బాటను విడిచెను. తానే క్రొత్తకథను కల్పించి, ఎనిమిది ఆశ్వాసముల కళాపూర్ణోదయమును వ్రాసి, నంద్యాల కృష్ణరాజునకు అంకితమిచ్చెను.

ఇది సాహసము. రాముని కథ ఎల్ల రెరిగినది. ఎరుగని కథకు శ్రోతను కట్టివేయుట కష్టము. సూరన కథను నడుమ నారంభించెను. ద్వారకలో ఉయ్యాల లూగు కలభాషిణి, విమానమున పోవు రంభానలకూబరులు, నారదుని శిష్యుడగు మణికంధరుడు మనకు కనబడుదురు. వారి పూర్వకథలు మాత్రము వెనుక గాని తెలియవు. ముడు లొక్కొక్కటిగ విడుచుండగా చదువరి పుస్తకమును మూయలేడు.

వీరేశలింగముగారి రాజశేఖరచరిత్రము 1880లో గ్రంథముగ వెలువడినది. నవలకు ప్రాణమగు కల్పనను సూరన అంతకు మూడువందల ఏండ్లకు పూర్వమే పద్యములలో చూపెను. 2002లో ఈ కావ్యము ఆంగ్లమున అమెరికాలో ప్రచురింపబడినది.

నంద్యాల చేరువనున్న కానాల గ్రామమున సూరన సమాధిని చూపుదురు. సాధించిన దానితో తృప్తినొందక క్రొత్తదారి త్రొక్కిన వాని కృషి, ఆలస్యముగ నైనను, లోకమునకు చేరును.