రాజావారి ఊరికి రెండు సైకిళ్ళు

దసరా సెలవుల్లో మన క్లబ్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది, గుర్తుందా? జపాన్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తున్న మన సీనియర్ అన్న పెట్టింది. సపోరో నగరం, తొయోహిరా నది, నది పక్కన అద్దె సైకిల్. కింద పెద్ద నోట్ రాశాడు. ఆ హొక్కైడో ద్వీపం అసలు ఐనూ అనే మూలవాసులదట. సపోరో అన్న పేరు కూడా వాళ్ళ భాషలోంచి వచ్చిందేనట. అక్కడ ఊళ్ళ పేర్ల చివర బెత్సు అని, నాయ్ అని వస్తే ఏరు అని అర్థమట. ఒక రోజంతా సైకిల్ తొక్కుకుంటూ ఊరి శివార్లలో ఉన్న పిర్కా కొతాన్ అనే ఐనూ కేంద్రం దాకా వెళ్ళొచ్చాడు. మేమందరం లైకులు కొట్టి, మనకి ఇక్కడ ఏముందిలే, మిర్చి యార్డు తప్ప, అని జోకులేసుకున్నాం.

తర్వాత ఈ సంచికకి నాకు అప్పజెప్పిన పని రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి జీవితం. నాకు ఈజీ అనిపించింది. మా అమ్మమ్మది అమరావతి దగ్గర ఊరు, చిన్నప్పటి నుంచి ఆయన కథలు వింటూనే పెరిగాను. ఒక్క రాత్రిలో డ్రాఫ్ట్ రాసేశా. గుళ్ళు కట్టాడు, ఊళ్ళు కట్టాడు, దానాలు చేశాడు, అంతే. ఫోటోల కోసం ఒకసారి వెళ్ళొస్తే సరిపోతుంది కదా అని ఫిబ్రవరిలో ఒక ఆదివారం నేనూ మా రూమ్మేటూ రెండు సైకిళ్ళు సంపాదించాం. వాడిది గేర్లు లేనిది, నాది గేర్లున్నా పనిచెయ్యనిది.

లాడ్జి సెంటర్ నుంచి తెల్లవారుజామున బయల్దేరాం. గోరంట్ల దాటే దాకా ఇంకా ఊరే. లాం ఫారం వచ్చేసరికి గాలి మారిపోయింది. మీరు ఎల్‌సీఏ 334 అన్న పేరు వినే ఉంటారు, మన మిరప రకం, ఆ పరిశోధన జరిగింది ఇక్కడే. దాని తర్వాత రోడ్డుకి రెండు పక్కలా కల్లాలు. పట్టాల మీద ఎర్రగా మిరపకాయలు, పక్క చేలల్లో చివరి తీతకి మిగిలిన పత్తి. చూడ్డానికి ఎంత బాగుందో, తుమ్ములు కూడా అంతే. కాయలు తిరగేస్తున్న ఒక పెద్దమ్మ మమ్మల్ని చూసి నవ్వి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి నాయనా అని చెప్పింది.

ఇక రాజావారు. పుట్టింది 1761లో. 1783లో జమీందారీ చేతికొచ్చింది, అంటే మనకంటే మూడేళ్ళు పెద్ద, అంతే. అప్పటి రాజధాని ఇది కాదు, కృష్ణ ఒడ్డున చింతపల్లి. నదికి ఇటూ అటూ రెండు పక్కలా ఆయనకి పరగణాలుండేవి. గుంటూరు సర్కారు నిజాం వైపు నుంచి 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. నిన్నటిదాకా సైన్యం, కోట, దర్బారు ఉన్న మనిషి ఒక్కసారిగా కంపెనీ కలెక్టరుకి శిస్తు లెక్కలు చెప్పుకోవాల్సిన పరిస్థితి. కంపెనీతో గొడవలు ముదిరాయి. చివరికి 1796 ప్రాంతంలో చింతపల్లి వదిలేసి, పాత అమరేశ్వరుడి గుడి తప్ప పెద్దగా ఏమీ లేని చోట కొత్త పట్నం వేశాడు. వర్తకుల్ని పిలిపించి, వీధులు తీయించి, ఇళ్ళు కట్టించాడు. అదే మన అమరావతి. రాజధాని అమరావతి కాదు, అసలు అమరావతి.

ఆయనకి ఊళ్ళకి పేర్లు పెట్టడం ఇష్టం. తండ్రి జగ్గయ్య పేరు మీద బేతవోలు జగ్గయ్యపేట అయింది. అచ్చంపేట తల్లి అచ్చమ్మ పేరు మీద వచ్చిందని చెప్తారు. ఇది నా డ్రాఫ్టులో ముందే ఉంది, నాకు బాగా నచ్చిన పాయింట్. అమ్మానాన్నల పేర్లు మ్యాపులో పెట్టిన కొడుకు అని ఒక లైన్ కూడా రాసుకున్నా.

తాడికొండ అడ్డరోడ్డు దగ్గర టీ తాగుతూ ఈ లైన్ రూమ్మేట్‌కి చదివి వినిపించాను. బాగుందన్నాడు. మరి నరుకుళ్ళపాడు సంగతి రాశావా అని అడిగాడు. రాయలేదు. నాకు తెలియక కాదు. అమ్మమ్మ ఆ కథ కూడా చెప్పింది, కానీ గొంతు తగ్గించి చెప్పింది. అందుకే అది రాసే విషయం కాదు అని నేనే అనుకున్నా.

వాడి గురించి ఒక మాట. వాళ్ళది దోర్నాల వైపు, నల్లమల అంచున ఒక గూడెం. చెంచులు. రెండేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్నాం. వాడి ర్యాంకు నాకు తెలుసు, వాడికి ఏ సబ్జెక్టులో బ్యాక్‌లాగ్ ఉందో తెలుసు. ఇంటి గురించి మాత్రం నేనెప్పుడూ అడగలేదు.

కథ ఇదీ. కొండల నుంచి దిగి చెంచులు ఊళ్ళ మీద పడి దోచుకుంటున్నారని రాజావారికి ఫిర్యాదులు వచ్చాయట. పట్టుకోవడం ఆయన మనుషుల వల్ల కాలేదట. అప్పుడాయన వాళ్ళని విందుకి పిలిచాడు. రాజు పిలిచాడు కదా అని వచ్చారు. వచ్చినవాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి తలలు నరికించాడు. నూట యాభై మంది అని కొందరు, ఆరు వందలని ఇంకొందరు చెప్తారు. ఆ చోటికే నరుకుళ్ళపాడు అని పేరొచ్చిందని చుట్టుపక్కల అందరూ అనే మాట. ఆ తర్వాత రాజావారు అన్నానికి కూర్చుంటే పళ్ళెంలో మెతుకులు పురుగుల్లా కనిపించాయట. తినలేక, నిద్రపోలేక, పండితుల్ని అడిగితే శివుడే దిక్కన్నారు. అలా అమరేశ్వరుడి పాదాల దగ్గర చేరి, మిగతా జీవితమంతా గుళ్ళకీ దానాలకీ ఖర్చుపెట్టాడు.

ఇది కాగితం మీద రుజువున్న సంగతి కాదు, జనం నోట బతికిన కథ. కానీ ఒకటి గమనించండి. కథ ఎలా ముగుస్తుందో చూస్తే, చెంచులు అందులో రాజుగారి భక్తికి కారణంగా మాత్రమే ఉన్నారు. ఆయనకి పశ్చాత్తాపం రాకపోయి ఉంటే వాళ్ళ చావు మనదాకా వచ్చేదే కాదేమో.

నరుకుళ్ళపాడు అమరావతి మండలంలోనే ఉంది. దారి అడుక్కుంటూ వెళ్ళాం. మామూలు ఊరు. ట్రాక్టర్లు, కల్లాలు, బడి గోడ, గుడి మైకు. గుర్తుగా ఏమైనా ఉందా అని అరుగు మీద కూర్చున్న ఒక తాతని అడిగితే, ఊరి పేరుంది కదా బాబూ, ఇంకేం కావాలి అన్నాడు. ఆయన అది వెటకారంగా అనలేదు. మా ఇద్దరికీ మంచినీళ్ళు ఇప్పించి, ఎవరబ్బాయిలు మీరు అని అడిగాడు. నేను మా అమ్మమ్మ వాళ్ళ ఊరు చెప్పాను. వాడు దోర్నాల అని మాత్రం చెప్పాడు.

ఊరి బోర్డు దగ్గర వాడు ఆగి కాసేపు చూశాడు. నేను ఫోన్ తీశాను, ఎందుకో వాడిని ఫ్రేములోకి రమ్మనడానికి నోరు రాలేదు. బోర్డు ఒక్కటే తీశాను.

అక్కడ నాకు సీనియర్ అన్న నోట్‌లో చివరి పేరా గుర్తొచ్చింది. అప్పుడు సరిగ్గా చదవలేదు, రోడ్డు పక్కన చెట్టు కింద నిలబడి మళ్ళీ తీసి చదివా. 1669లో షాకుషాయిన్ అనే ఐనూ నాయకుడు జపాన్ వాళ్ళ మత్సుమాయే దొరల మీద తిరగబడ్డాడు. సంధి చేసుకుందాం రమ్మని పిలిచి, విందులో చంపేశారు. ఎక్కడి హొక్కైడో, ఎక్కడి మన పల్నాటి అంచు! కొండల్లోనో అడవిలోనో ఉండే మనిషిని యుద్ధంలో ఓడించలేనప్పుడు అన్నానికి పిలవడం అనే ఉపాయం రెండు చోట్లా ఎలా తట్టిందో. ఒక తేడా ఉంది. షాకుషాయిన్‌కి పేరు మిగిలింది, అక్కడ విగ్రహం కూడా ఉంది.

మధ్యాహ్నానికి అమరావతి చేరాం. ముందు గుడి. పంచారామాల్లో ఒకటి, పొడవాటి తెల్లటి లింగం, పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తారు. ఈ గుడిని పెంచి ఇప్పటి వైభవం తెచ్చింది రాజావారే. తర్వాత స్తూపం. నిజం చెప్పాలంటే అక్కడ ఇప్పుడు చూడ్డానికి మిగిలింది గుండ్రటి దిబ్బ, కొన్ని రాళ్ళు. దాన్ని అప్పట్లో దీపాలదిన్నె అనేవాళ్ళు. కొత్త పట్నానికి ఇటుక కావాలని రాజావారి పనివాళ్ళు దిన్నె తవ్వితే బొమ్మలు చెక్కిన సున్నపురాతి పలకలు బయటపడ్డాయి. ఈ సంగతి తెలిసి కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. చాలా ఏళ్ళకి, 1816లో మళ్ళీ వచ్చేసరికి దిన్నె మధ్యలో చెరువు తవ్వించి ఉంది, పలకలు బోలెడు మెట్లకీ గోడలకీ పోయాయి. మిగిలినవాటికి మెకంజీ మనుషులు బొమ్మలు గీశారు. తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి 1859లో లండన్ వెళ్ళాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. శివుడికి గుడి కట్టే తొందరలో బుద్ధుడి స్తూపం విరగ్గొట్టాడని ఆయన్ని తిట్టేవాళ్ళున్నారు. నాకైతే అది కోపంతో చేసినట్టు అనిపించలేదు. కావాల్సింది ఇటుక, దిబ్బలో ఇటుక ఉంది. అక్కడ ఏముందో అడగాలని తట్టలేదు, అంతే. తట్టకపోవడం ఎలా ఉంటుందో ఆ రోజు నాకు బాగానే తెలుస్తోంది.

కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పాం. నీళ్ళు నిండుగా లేవు కానీ ఎండ పడి మెరుస్తున్నాయి, అవతలి గట్టు మసగ్గా ఉంది. మంగళగిరి గోపురం కూడా రాజావారు కట్టించిందే అని చెప్పాను. 1807 నుంచి 1809 దాకా కట్టారు, పదకొండు అంతస్తులు, 153 అడుగులు. చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మ గుడి కూడా ఆయనదే. వాడు తింటూ తింటూ నవ్వాడు. మంగళగిరి దేవుడు నరసింహస్వామి కదా, నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్నాడు కదా, అంటే మా ఇంటి అల్లుడు. మామల్ని నరికి అల్లుడికి గోపురం కట్టించాడన్నమాట మీ రాజు, అన్నాడు. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. వాడే నవ్వుతున్నాడు కాబట్టి నవ్వాను. మీ రాజు అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాను.

రాజావారు 1816లో పోయారు. సొంత బిడ్డలు లేరు. జగన్నాథ బాబుని దత్తత తీసుకుని, అతను బతికుండగానే రామనాథ బాబుని కూడా దత్తత తీసుకున్నాడు. ఇంకేముంది, కోర్టు. ఆ వ్యాజ్యం సముద్రం దాటి లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. ఒక దత్తపుత్రుడుండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పొచ్చింది, ఆయన పోయిన ముప్పై ఏళ్ళకి. రంగమ్మ, అచ్చమ్మల కేసుగా లా చదివేవాళ్ళు ఇప్పటికీ చదువుతారు. అప్పటికి ఆస్తి చాలా వరకు కరిగిపోయింది.

ఇదంతా చెప్తుంటే వాడు వేళ్ళు లెక్కపెట్టాడు. తండ్రి జగ్గయ్య, తల్లి అచ్చమ్మ, దత్తపుత్రులు ఇద్దరు, కోర్టుకెక్కిన ఆడవాళ్ళు ఇద్దరు, ఆస్థానంలో దేవీభాగవతం రాసిన ములుగు పాపయారాధ్యులు, గోపురానికి అడుగులతో సహా కొలత. విందుకొచ్చినవాళ్ళలో ఒక్కరి పేరైనా ఉందా అని అడిగాడు. లేదన్నాను. సంఖ్య కూడా ఒకటి కాదు కదా, అన్నాడు. మన భాషలో చెప్పాలంటే టేబుల్ ఉంది, రోలన్నీ ఖాళీ.

తిరుగు దారిలో లేమల్లె దాటాక నా సైకిల్ పంక్చరయింది. ఆదివారం, ఒక్క షాపూ తెరిచి లేదు. తాడికొండ అడ్డరోడ్డు దాకా నడిపించుకుంటూనే వచ్చాం. కల్లాల్లో కాయలు కుప్ప చేసి పట్టాలు కప్పుతున్నారు. ఆ నడకలోనే మొదటిసారి వాళ్ళ గూడెం గురించి అడిగాను. వాళ్ళ తాత శివరాత్రికి శ్రీశైలం నడిచివెళ్ళే భక్తులకి అడవిలో దారి చూపించేవాడట. ఆయన పేరు చెప్పాడు. వాడి అనుమతి లేదు కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

హాస్టల్‌కి వచ్చి డ్రాఫ్టులో మ్యాపు గురించిన ఆ లైన్ తీసేసి మిగతాది మొదటి నుంచి రాశాను. అమ్మమ్మకి ఫోన్ చేసి ఆ కథ కూడా రాస్తున్నానని చెప్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత మంచిగా రాయి నాన్నా అంది. ఎడిటర్ అన్న రాజావారి చిత్రం అడిగాడు. నేను ఊరి బోర్డు ఫోటో పంపాను. ఎండకి ఎదురుగా తీశాను కాబట్టి అక్షరాలు సరిగ్గా పడలేదు, జూమ్ చేస్తే కనిపిస్తాయి.