యంత్రమేధావి అలన్ ట్యూరింగ్

పల్నాటి రైతుకు రెండు విధాల యంత్రాలతో పరిచయముంది. పత్తి నుండి గింజను వేరుచేసే జిన్నింగు యంత్రం ఆ ఒక్క పనినే అతివేగంగా చేస్తుంది. మరొక పనికి అక్కరకు రాదు. ట్రాక్టరు అట్లా కాదు. నాగలి తగిలిస్తే దున్నుతుంది, ట్రక్కు తగిలిస్తే మిర్చి బస్తాలను మోస్తుంది. ఒకే పనికి అంకితమైన యంత్రం మేలా? పలు పనులకు ఒదిగే యంత్రం మేలా? ఈ రెండింటినీ సాధించి చూపిన మహామేధావి అలన్ మాథిసన్ ట్యూరింగ్.

ట్యూరింగ్ 1912 జూన్ 23న లండన్‌లో జన్మించాడు. తండ్రి జూలియస్ మద్రాసు రాజధానిలో ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగి. నాడు పల్నాడు కూడా ఆ రాజధానిలోనిదే. తల్లి ఎథెల్ సారా మద్రాసు రైల్వే ఇంజనీరు కుమార్తె. తల్లిదండ్రులు తరచు భారతదేశంలో ఉన్నందువల్ల ఆయన బాల్యం చాలావరకు ఇంగ్లండులో పరుల సంరక్షణలో గడిచింది.

కేంబ్రిడ్జిలో గణితం అభ్యసించిన ట్యూరింగ్, 1936లో ఒక సార్వత్రిక యంత్రాన్ని ఊహించాడు. ఆదేశాలు మార్చినంత మాత్రాన అది వేరొక గణన చేయగలదు. నేటి కంప్యూటరుకు ఆ భావనయే బీజం. కాని నాటికి అది కాగితం మీది యంత్రం మాత్రమే.

1939లో రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైంది. జర్మన్ సేనలు ఎనిగ్మా యంత్రంతో సందేశాలను రహస్యలిపిలోకి మార్చేవి. దాని అమరికలు కోటానుకోట్లు. పైగా అవి ప్రతిదినం మారేవి. నేటి రహస్యం రేపు తెలిస్తే ప్రయోజనం లేదు. బ్లెచ్లీ పార్కులో చేరిన ట్యూరింగ్, పోలండు గణితవేత్తల కృషిని ఆధారం చేసుకొని, ఎనిగ్మా అమరికలను అన్వేషించడానికే బాంబ్ అనే యంత్రాన్ని రూపొందించాడు. అది 1940లో పనిచేయనారంభించింది. సహచరుడు వెల్చ్‌మన్ దానిని మెరుగుపరిచాడు. శత్రు జలాంతర్గాముల జాడ తెలియడంతో ఎన్నో నౌకలు ప్రమాదం తప్పించుకున్నాయి. తరువాత ట్యూరింగ్ మాటలను గుప్తపరిచే డెలైలా అనే పరికరాన్ని కూడా నిర్మించాడు. అది సిద్ధమయ్యేసరికి యుద్ధం ముగిసింది.

ఎనిగ్మాతోపాటే బాంబ్ యంత్రాల అవసరమూ తీరింది. వాటిలో అధికభాగాన్ని విడగొట్టివేశారు. సార్వత్రిక యంత్ర భావన మాత్రం నిలిచింది. 1945లో జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరి ట్యూరింగ్ ఏస్ అనే కంప్యూటరుకు రూపకల్పన చేశాడు. దాని తొలి నమూనా 1950లో పనిచేసింది.

దేశాన్ని కాపాడినవాని పట్ల దేశం కృతజ్ఞత చూపలేదు. స్వలింగ సంబంధం నేరమన్న నాటి చట్టం ప్రకారం 1952లో ఆయనను శిక్షించారు. తన సేవను చెప్పుకొందామన్నా అది రాజ్యరహస్యం. 1954 జూన్ 7న, 41వ ఏట, సైనైడ్ విషం వల్ల ఆయన మరణించాడు. బ్రిటిష్ ప్రభుత్వం 2009లో క్షమాపణ చెప్పింది. 2013లో రాజక్షమాభిక్ష లభించింది.

నేడు బ్యాంకు కార్డులోని చిప్పులో గుప్తలిపి కోసమే కేటాయించిన భాగాలుంటాయి. సాధారణ ప్రాసెసర్లు ప్రోగ్రాముతోనే ఆ పని చేయగలవు. అయినా వేగం కోసం 2010 నుండి ఇంటెల్ సంస్థ తన ప్రాసెసర్లలో ప్రత్యేక ఆదేశాలను చేర్చింది. ట్యూరింగ్ చూపిన రెండు దారులూ అక్కడ కలిశాయి. ఒక విద్యలో నైపుణ్యం, సర్వవిద్యలకు పునాదియైన ఆలోచన పరస్పర విరుద్ధాలు కావని ఆయన జీవితం విద్యార్థులకు బోధిస్తున్నది. మేధను గౌరవించే సమాజం మనిషిని కూడా గౌరవించాలని హెచ్చరిస్తున్నది.