హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ : గొట్టములోని గాలికి లెక్క కట్టిన పండితుడు

ఖాళీ సీసా మూతికి పెదవి నానించి ఊదినచో ఒక స్వరము పుట్టునని ఏ బాలుడైనను ఎఱుగును. సీసా మెడ పొడవైనకొలది ఆ స్వరము మంద్రమగును, పొట్టిదైనకొలది తారమగును. ఈ చిన్న వింతకు గణితము కట్టిన మహాపండితుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్. మోటారుసైకిలు ఇంజను గాలి పీల్చుకొను గొట్టము ఎంత పొడవుండవలెనని నేడు యంత్రనిపుణులు వాదించుకొనునపుడు, వారెఱిగినను ఎఱుగకున్నను, ఆయన లెక్కయే వారి నడుమ నున్నది. కావున నాయన జీవితమును మా పాఠకులకు సంగ్రహముగా తెలుపబూనితిమి.

ఆయన 1821 ఆగస్టు 31వ తేదీన ప్రష్యా రాజ్యమందలి పాట్స్‌డామ్ నగరమున జన్మించెను. తండ్రి ఆ యూరి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఉపాధ్యాయుని జీతముతో సంసార మెట్లు గడచునో మేము వేరుగ చెప్పనక్కరలేదు. బాలుడు తరచు రోగపీడితుడు. పొంతనలేని మాటలను కంఠస్థము చేయుట యన్న నాతనికి మహాకష్టము. తరగతిలో లాటిను పాఠము జరుగుచుండగా బల్లక్రింద దుర్భిణిలోని కాంతికిరణముల మార్గమును లెక్క వేసికొనుచుండెడివాడు. అట్టి బాలుడు మా తరగతిలో నుండినచో మేమేమి చేసియుందుమో!

భౌతికశాస్త్రము చదువవలెనని యాతని కోరిక. తండ్రికి అంత శక్తి లేదు. బెర్లినులోని సైనిక వైద్యవిద్యాలయమున చదువు ఉచితము. కాని దానికి బదులుగా 8 ఏండ్లు సైన్యములో వైద్యుడుగా కొలువు చేయవలెను. 1838లో నాతడా షరతున కొప్పుకొని చేరెను. 1843 నుండి పాట్స్‌డాము పటాలమున వైద్యుడై, ఆ సైనికుల బసలోనే చిన్న ప్రయోగశాల నమర్చుకొనెను. 1847లో, శక్తి రూపము మార్చుకొనునే కాని నశింపదను సిద్ధాంతమును గణితపూర్వకముగా వ్రాసి పంపగా, ఆనాటి ప్రసిద్ధ శాస్త్రపత్రిక ప్రకటింప నిరాకరించెను. ఆయన దానిని చిన్న పుస్తకముగా వేరుగ అచ్చువేయించెను. మరుసటి యేడు హంబోల్టు పండితుని సాయమున, గడువు తీరకమునుపే సైన్యమునుండి విడుదల పొందెను.

1849లో కోనిగ్స్‌బర్గు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. నరములలో వార్త ప్రయాణము చేయు వేగమును కొలువజాలమని ఆయన గురువైన ముల్లరు తలచియుండగా, 1850లో శిష్యుడు కప్ప నరమును గైకొని కొలిచి చూపెను; అది సెకనుకు సుమారు 27 మీటర్లు. కంటిలోపలి పొరను చూచుటకు వైద్యులు వాడు సాధనమును 1851లో ప్రకటించెను.

1858లో హైడల్‌బర్గునకు పోయెను. 1859 డిసెంబరులో ఆయన భార్య ఓల్గా మరణించెను. తెఱచిన కొనలుగల గొట్టములలో గాలి ఎట్లు కంపించునో వివరించు ఆయన వ్యాసము 1860లో వెలువడెను. గొట్టము నోటికి వెలుపలనున్న గాలియు కొంత లోపలి గాలితో కూడ ఊగును గనుక, గొట్టము కొలబద్ద చూపినదానికంటె కొంచెము పొడవైనట్లు ప్రవర్తించును. స్వరములను వేరుపఱచుటకు ఆయన గుండ్రని బోలు పాత్రలను చేయించెను. వానికి ఒక ప్రక్క నోరు, వేరొక ప్రక్క చెవిలో నుంచుకొను మొన. ఒక్కొక్క పాత్ర తనకు తగిన స్వరమునకే మాఱుమ్రోగును. తక్కినవానికి మూగయై యుండును. ఈ పరిశోధనలన్నియు 1863లో గ్రంథరూపమున వెలువడెను.

ఇక మోటారుసైకిలు సంగతి. సిలిండరు సీసా పొట్ట యనుకొందము. గాలి గొట్టము దాని మెడ. పిస్టను దిగునపుడు గొట్టములో గాలి పలుచబడి, ఆ పలుచదనము అలయై గొట్టము నోటికి పరుగెత్తును. అచ్చట అది ఒత్తిడి అలగా మాఱి వెనుదిరుగును. వాల్వు మూతపడుటకు సరిగా ముందు ఆ యల వచ్చి చేరెనా, మరికొంత గాలిని సిలిండరులోనికి త్రోయును. ఇంజను బలము పెరుగును. వేళ తప్పి వచ్చెనా, సిలిండరు సరిగా నిండదు. ఒక్కొక్కప్పుడు పెట్రోలు తుంపర గొట్టము నోట వెనుకకు చిమ్ముటయు కలదు.

లెక్క వేసి చూతము. నిమిషమునకు 6,000 చుట్లు తిరుగు ఇంజనులో పావుచుట్టునకు పట్టు కాలము సెకనులో 400వ వంతు. ధ్వని సెకనుకు 340 మీటర్లు పోవును గనుక ఆ వేళలో 85 సెంటీమీటర్లు నడచును. పోయి రావలెను గనుక వాల్వు మొదలు గొట్టము నోటిదాక సుమారు 42 సెంటీమీటర్లుండవలెను. 12,000 చుట్లయినచో 21 చాలును. ఇంజను శరీరమును, కార్బురేటరును ఇందులో కొంత భాగమును పంచుకొనును. నిపుణుడు మార్చగలిగినది పైనున్న గరాటు మాత్రమే. పెద్ద పొడవు బండిలో పట్టనిచో, పలుమార్లు లోపల తిరుగాడి బలము తగ్గిన అలలతోనే సరిపుచ్చుకొందురు.

పొట్టి గొట్టము వేగమున గెలిపించి, మలుపు దాటి మరల పుంజుకొనునపుడు ఇంజనును చప్పబరచును. పొడుగాటిది దీనికి మాఱు. రెండును కోరువాడు రెంటికి నడుమ నొకదాని నేరుకొనవలెను. గొట్టము మార్చినపుడు ఏ వేగమున ఎంత గాలి పోవునో కూడ మాఱును గనుక కార్బురేటరు జెట్లను తిరిగి సరిచూడవలెను. దీనిని మఱచి గొట్టమును నిందించువారు పెక్కుమంది. 2007లో యమహా కంపెనీవారు తమ ఆర్1 బండికి, నడచుచుండగానే పొడవు మాఱు గరాటుల నమర్చిరి.

1871లో హెల్మ్‌హోల్ట్జ్ బెర్లినులో భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. బాల్యమున డబ్బులేక విడిచిన చదువు 50వ యేట ఆయన పీఠమయ్యెను. 1885లో డైమ్లరు, మేబాకులు కాన్‌స్టాటులో పెట్రోలుతో నడచు ద్విచక్రమును నిర్మించిరి. అది నిమిషమునకు 600 చుట్లు మాత్రమే తిరిగెను. పై లెక్క ప్రకారము దానికి నాలుగు మీటర్లకు మించిన గొట్టము కావలెను! కావున గొట్టపు పొడవును గూర్చిన చింత అప్పటికింకను పుట్టలేదు.

ముదిమిలో ఆయనకు దుఃఖములు తప్పలేదు. 1889లో కుమారుడు రాబర్టును, 1894 మొదటి దినమున ప్రియశిష్యుడు హెర్ట్జును పోగొట్టుకొనెను. 1893లో షికాగో నుండి తిరిగి వచ్చుచు ఓడమెట్లపై పడి గాయపడెను. 1894 సెప్టెంబరు 8వ తేదీన షార్లొటెన్‌బర్గులో మరణించెను. ఆ యేడే మ్యూనిక్ నగరమున హిల్డెబ్రాండు, వుల్ఫ్‌ముల్లరులు మోటారుసైకిళ్లను వరుసగా తయారుచేసి అమ్మ నారంభించిరి.