ఎర్ర మాత్ర వెనకున్న లూసీ

రెండో కాన్పుకి పుట్టింటికెళ్లినప్పుడు నాకు రక్తం ఏడు గ్రాములే ఉందన్నారు. చేతిలో ఎర్ర మాత్రలు పెట్టి పంపారు. అవి వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని పక్కింటి పిన్నిగారు చెబితే నమ్మి, సగం మాత్రలు పెరట్లోకి విసిరేశాను. నెలలు నిండేసరికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రెండు సీసాల రక్తం ఎక్కిస్తేగానీ గట్టెక్కలేదు. ఆ మాత్రల అట్టమీద ఇనుము పక్కన ఇంకో పేరుంటుంది చూడండి, ఫోలిక్ యాసిడ్ అని. దాని వెనక ఒక ఆడమనిషి కష్టం ఉందని చాలా ఏళ్లకి తెలిసింది నాకు.

ఆవిడ పేరు లూసీ విల్స్. 1888 మే 10న ఇంగ్లండులో పుట్టింది. కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివింది. పరీక్షలు పాసైనా ఆడవాళ్లకి అక్కడ డిగ్రీ పట్టా ఇవ్వని రోజులవి! మొదటి ప్రపంచయుద్ధం మొదలైన రోజుల్లో దక్షిణాఫ్రికాలో ఉండి, కేప్‌టౌన్‌లో నర్సుగా సాయం చేసింది. తిరిగొచ్చి లండన్‌లో ఆడవాళ్ల మెడికల్ కాలేజీలో చేరి 1920లో డాక్టరైంది. పెళ్లి మాత్రం చేసుకోలేదు.

1928లో బొంబాయి వచ్చింది. అక్కడ బట్టలమిల్లుల్లో పనిచేసే బీద ఆడవాళ్లు కడుపుతో ఉన్నప్పుడు ఒళ్లు పాలిపోయి, నీరసించి, కొందరు ప్రాణాలే పోగొట్టుకునేవారు. ఏదైనా క్రిమి వల్లేమోనని ముందు అటు వెతికారు, దొరకలేదు. అప్పుడు లూసీ వాళ్లేం తింటున్నారో చూసింది. పళ్లు, కూరలు, మాంసకృత్తులు బాగా తక్కువ. అదే తిండి ఎలుకలకి, కోతులకి పెట్టి చూసింది. వాటికీ రక్తం తగ్గింది. కొన్నాళ్లు కూనూరు వెళ్లి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో, తరవాత మద్రాసు కాస్ట్ అండ్ గోషా ఆస్పత్రిలో పనిచేసింది.

ఇక మందు సంగతి. పచ్చి కార్జం పనిచేస్తుంది, కానీ ఖరీదు. బీదవాళ్లు కొనేదెలా? బీరు తయారీలో మిగిలిపోయే ఈస్టు నుంచి తీసే మార్మైట్ అనే ముద్ద చవగ్గా దొరుకుతుంది. ఇంగ్లీషువాళ్లు రొట్టెకి రాసుకు తింటారు. అది పెట్టి చూస్తే ఆ తల్లులు తేరుకున్నారు! 1931లో ఈ సంగతి ప్రకటించింది. ఈస్టులో ఉన్నదేమిటో అప్పటికి ఎవరికీ తెలీదు. అందుకే దానికి విల్స్ ఫ్యాక్టర్ అని పేరొచ్చింది.

1941లో అమెరికాలో పాలకూర నుంచి వేరుచేసి ఫోలిక్ యాసిడ్ అన్నారు. ఫోలియం అంటే లాటిన్‌లో ఆకు. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లే కంపెనీ బృందానికి పెద్ద ఎవరనుకున్నారు? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు! ఈ ముక్క తెలిశాక నాకు ఒళ్లు పులకరించింది. బొంబాయి మిల్లు ఆడవాళ్ల రోగానికి లూసీ వెతికింది, ఆ వస్తువు చేసి పెట్టింది మన గోదావరి మనిషి.

లూసీ 1947లో ఉద్యోగం విరమించాక కూడా ఊరుకోలేదు. జమైకా, ఫిజీ, దక్షిణాఫ్రికా వెళ్లి తిండి గురించి, రక్తహీనత గురించే పరిశోధించింది. ముసలితనంలో లండన్ చెల్సియాలో లేబర్ పార్టీ తరఫున కౌన్సిలరైంది. 1964లో కన్నుమూసింది.

మా కోడలికిప్పుడు మూడో నెల. ఎర్ర మాత్ర రోజూ నేనే చేతికిస్తున్నా. మాత్ర ఒక్కటే చాలదని వారంలో నాలుగు రోజులు తోటకూరో, పాలకూరో, పెసలో వండుతున్నా. నిన్న కూర ఉడికిన నీళ్లు తూములో పోయబోయింది పిల్ల. ఆ విటమిను నీళ్లలో కరిగి పోతుంది, చేతిలో గిన్నె లాక్కుని పప్పులో పోసేశాను.