యశ్వంత్ సింగ్ పర్మార్

హిమాలయ పర్వతముల దక్షిణ పాదమున సిర్మూరు అను చిన్న సంస్థానము ఉండెను. అందలి చన్హాలగ్ అను కుగ్రామమున 1906వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన యశ్వంత్ సింగ్ పర్మార్ జన్మించెను. ఆయన తండ్రి సంస్థానాధీశుని కొలువులో నుండెను. ఆ కాలమున కొండపల్లెలకు బండిబాటలు లేవు. ఉప్పు కావలెనన్నను, బట్ట కావలెనన్నను జనులు కొండ దిగి పోయి, మూట నెత్తిన బెట్టుకొని మరల కొండ ఎక్కవలసినదే. కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కి, ఆ యిరుకు మడులలో మొక్కజొన్నయు, యవలును పండించుకొని వారు కాలము గడుపుచుండిరి. పంట పుష్కలముగా వచ్చిన ఏటను మిగులు లేదు. మంచు ముందుగా కురిసిన ఏట పస్తులు తప్పవు.

పర్మార్ నాహన్ పట్టణమునందలి ఉన్నత పాఠశాలలో చదివి, లాహోరున బి.ఏ. పట్టమును, లక్నోలో ఎం.ఏ., న్యాయశాస్త్ర పట్టములను పొందెను. 1930లో సిర్మూరు సంస్థానముననే న్యాయాధికారిగా ప్రవేశించి, 1937 నాటికి జిల్లా న్యాయాధిపతి అయ్యెను. మంచి జీతము, పెద్ద హోదా. కాని సంస్థానాధిపతుల నిరంకుశ పాలనతో ఆయనకు పొసగలేదు. 1941లో ఆ పదవిని విడిచిపెట్టెను. 1944లో లక్నో విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరు బిరుదము నిచ్చెను. హిమాలయ ప్రాంతపు కుటుంబ వ్యవస్థకు గల ఆర్థిక కారణములను గూర్చి ఆయన పరిశోధించెను. అన్నదమ్ములు పంచుకొన్నచో ఒక్కరికిని కడుపు నిండనంత చిన్న కమతములు ఆ కొండలలో నుండెను. నేల చాలకపోవుట మనుష్యుల బ్రతుకును ఎట్లు మార్చునో ఆయన పుస్తకములయందు మాత్రమే కాక కన్నులార చూచినవాడు.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1948 ఏప్రిల్ 15న సుమారు ముప్పది కొండ సంస్థానములు కలిసి హిమాచల ప్రదేశముగా ఏర్పడెను. ఈ కలయికకై పాటుపడిన నాయకులలో పర్మార్ ముఖ్యుడు. ఆయన రాజ్యాంగ సభలోను సభ్యుడుగా నుండెను. 1952లో హిమాచలమునకు మొదటి ముఖ్యమంత్రి అయ్యెను. పదవి లభించినదే కాని, పెట్టెలో ధనము లేదు. ఆదాయము లేని యీ కొండలు తమ కాళ్లపై తాము నిలువలేవనియు, పొరుగుననున్న పంజాబులో కలియుటయే మేలనియు వాదించువారు పలువురు ఉండిరి. రాష్ట్రము నిలుచునా, నిలువదా అను ప్రశ్నకు సమాధానము ఆ మెట్లమడులలోనుండియే రావలసియుండెను.

ధాన్యము పండించుటలో మైదానపు రైతుతో కొండరైతు పోటీపడజాలడు. కాని మైదానమునకు లేనిది ఒకటి కొండకు కలదు. అది చలి. ఆపిలు చెట్టు శీతకాలమున ఆకురాల్చి చలిలో నిద్రించినగాని మరుసటి ఏట చక్కగా పూయదు. సిమ్లాకు ఎగువనున్న కోట్‌గఢ్ ప్రాంతమున, అమెరికా నుండి వచ్చి యీ దేశమునే తన దేశముగా చేసికొన్న సత్యానంద స్టోక్స్, 1916లోనే మేలుజాతి ఆపిలు మొక్కలను తెప్పించి నాటియుండెను. ఆయన తోట పండెను. ఇరుగుపొరుగు వారును నాటిరి. అయినను 1950-51లో హిమాచలమందు పండ్లతోటల విస్తీర్ణము 792 హెక్టారులు మాత్రమే. దిగుబడి 1,200 టన్నులు. ఒక దారి కలదని స్టోక్స్ చూపెను. ఆ దారిన బీదరైతు నడచుట యెట్లు?

ఇచ్చట చిక్కు అంతయు కలదు. ఆనాటి ఆపిలు మొక్క కాపునకు వచ్చుటకు ఏడెనిమిది సంవత్సరములు పట్టెడిది. మొక్కజొన్న విడిచి ఆపిలు నాటినవాడు అంతవరకు ఏమి తినవలెను? కావున ప్రభుత్వమే నర్సరీలు పెట్టి అంటుమొక్కలను పంచవలసి వచ్చెను. అప్పులును, రాయితీలును ఇచ్చి, తెగుళ్లకు మందులు చల్లుట, కొమ్మలు కత్తిరించుట నేర్పువారిని పల్లెలకు పంపవలసి వచ్చెను. పర్మార్ ప్రభుత్వము ఈ పనులన్నింటికి పూనుకొనెను. అటుతరువాత 1970లో ఉద్యానవన శాఖ వ్యవసాయ శాఖనుండి వేరై ప్రత్యేక శాఖయయ్యెను.

పండు పండినంత మాత్రమున రైతు చేతికి సొమ్ము రాదు. 1948లో హిమాచలమున మోటారు పోదగిన రోడ్లు మూడువందల కిలోమీటర్లైనను లేవు. కంచరగాడిదల వీపున రోజులతరబడి దిగివచ్చిన పండు సగము చెడిపోవును. అందుచేత పర్మార్ అన్నిటికన్న మిన్నగా రోడ్లనే కోరెను. ఆసుపత్రియైనను, బడియైనను రోడ్డు వెంబడియే వచ్చునని ఆయన నమ్మకము. రోడ్డు వచ్చిన చోటునెల్ల కాయగూరలును బయలుదేరెను. మైదానము ఎండలకు మాడునప్పుడు సోలన్, సిర్మూరు కొండలలో టమాటాలు, బఠాణీలు, పెద్దమిరప కాయును. ఋతువు కాని ఋతువున వచ్చిన కూరకు ఢిల్లీలో మంచి ధర పలుకును. మనము బెంగుళూరు మిరప అని పిలుచు కాయను ఉత్తరదేశమువారు సిమ్లా మిరప అనుట ఇచ్చట గుర్తుచేసికొనదగినది.

రోడ్డు తరువాత దళారి. పూత సమయముననే బయానా ఇచ్చి తోట మొత్తమును కొనివేయు వర్తకునికి రైతు లొంగియుండెడివాడు. నిలువచేయుటకు చోటులేనివాడు అడిగిన ధరకు అమ్మక తీరదు గదా! 1974లో తోటపంటలను నిలువచేసి, శుద్ధిచేసి, అమ్మిపెట్టుటకు ప్రభుత్వ సంస్థ యొకటి నెలకొల్పబడెను. ప్రపంచ బ్యాంకు సహాయముతో పండ్లను ఏరి పెట్టెలలో సర్దు కేంద్రములును, శీతల గిడ్డంగులును కట్టబడెను. దళారి అంతటితో మాయమాయెనని చెప్పరాదు. కాని రైతునకు రెండవ గుమ్మము ఒకటి దొరికెను.

నడుమ పర్మార్ పదవి పోయినది కూడ. 1956లో హిమాచలము కేంద్రపాలిత ప్రాంతమై, శాసనసభ రద్దయ్యెను. 1963లో శాసనసభ మరల ఏర్పడగా ఆయనయే మరల ముఖ్యమంత్రి అయ్యెను. 1966లో కాంగ్రా, కులు మొదలైన పర్వత ప్రాంతములు వచ్చి చేరెను. 1971 జనవరి 25న హిమాచలము సంపూర్ణ రాష్ట్రమయ్యెను.

తోటలు పెరిగిన కొలది భూమి విలువ పెరిగెను. విలువ పెరిగిన భూమిపై ధనవంతుల చూపు పడుట సహజము. నాలుగు రూకలు ఎక్కువ చూపినచో అప్పులలోనున్న కొండరైతు నేలను అమ్ముకొని, తన తోటలోనే కూలివాడు కాగలడు. దున్నువానికి భూమిపై హక్కు కలిగించుటకు పర్మార్ ప్రభుత్వము 1953లోనే పెద్ద భూస్వామ్యముల రద్దు చట్టమును తెచ్చియుండెను. 1972 నాటి భూసంస్కరణ చట్టములో మరియొక కట్టడి చేర్చెను. ప్రభుత్వము అనుమతి లేనిదే వ్యవసాయదారులు కాని వారికి సాగుభూమిని అమ్మరాదు. ఈ నిబంధనపై వాదములు నేటికిని ఆగలేదు. అయినను చిన్నరైతు తోట చిన్నరైతు చేతిలోనే నిలుచుటకు దీనికన్న బలమైన కంచె మరియొకటి లేకుండెను.

ఈ వృద్ధికి వెల కూడ కలదు. కోట్లకొలది పండ్లను పంపు పెట్టెలకై అడవులలోని చెట్లు కూలెను. అడవియనిన కలప మాత్రమే కాదనియు, కలపచెట్టు, పశుగ్రాసపు చెట్టు, పండ్లచెట్టు ఒకే కొండపై కలిసి పెరుగవలెననియు పర్మార్ బోధించుచుండెను. ఆ మాట వినబడినంతగా ఆచరింపబడలేదు.

1977 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి పదవికి రాజీనామా ఇచ్చెను. ఆ పిదప అందరివలెనే ప్రభుత్వ బస్సెక్కి తన ఊరికి పోయెనని చెప్పుకొందురు. 1981 మే 2న ఆయన మరణించినప్పుడు బ్యాంకులో ఆయన పేర నిలువ ఆరువందల రూపాయలైనను లేదట.

సోలన్ దగ్గర నౌణీలో 1985 డిసెంబరు 1న ఉద్యానవన, అటవీ శాస్త్రములకు ఒక విశ్వవిద్యాలయమును స్థాపించి దానికి ఆయన పేరు పెట్టిరి. 792 హెక్టారులతో మొదలైన పండ్లతోటలు నేడు రెండు లక్షల హెక్టారులను మించినవి. అందు సగమునకు దగ్గరగా ఆపిలు తోటలే.