మత్తు డాక్టరమ్మ రూపాబాయి

ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు పదేండ్లయినా చెప్పుకుంటాం. మత్తిచ్చినోళ్ల పేరు ఎవురూ అడగరు. అందుకే రూపాబాయి ఫర్దూంజీ గురించి రాస్తాండా. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరు ఈయమ్మేనంటారు.

హైదరాబాదు పార్సీల ఆడబిడ్డ. 1885లో అక్కడి వైద్య పాఠశాలలో చేరి, 1889లో హకీం పట్టా తీసుకునింది. గురువు ఎడ్వర్డ్ లారీ దొర. ఆ కాలంలో క్లోరోఫారం ఇస్తే కొందరు బల్ల మీదనే పాణం ఇడిసేటోళ్లు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? తేల్చనీకె 1888, 1889లో నిజాం సర్కారు ఖర్చుతో రెండు కమిషన్లు కూచున్యాయి. ఊపిరే అన్యాడు లారీ. గుండె కూడా ముందు ఆగొచ్చని తర్వాత తేలింది. అయినా మత్తులో ఉన్న మనిషి ఊపిరిని కనిపెట్టుకోనుండే పని నిలబడింది. రూపాబాయి హైదరాబాదు ఆసుపత్రుల్లో ఏండ్ల తరబడి చేసింది ఆ పనే.

మత్తు వైద్యానికి అప్పట్లో వేరే పట్టా లేదు. 1909లో ఎడిన్‌బరో పోయి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివొచ్చింది. 1920లో రిటైరైంది.

ఈ పొద్దు మా ఆత్మకూరు పక్క, మత్తు డాక్టరు లేరని నిండుచూలాలిని కర్నూలు దావ పట్టిస్తే ఊరుకుందామా? ఆయమ్మ పేరు చెప్పి అడుగుదాం.