పురుషోత్తమ చౌదరి గారు, వరప్రసాదం



‘త్రాహిమాం క్రీస్తు నాథ’ కీర్తన మీలో చాలామంది వినే ఉంటారు. దానిని రచించిన పురుషోత్తమ చౌదరి గారు కతోలికులు కారు, బాప్తిస్తు సంఘస్థులు. అయినా ఈ వారం వారి జీవితాన్నే మీ ముందుంచుతున్నాను. బోయిన్‌పల్లిలో ఒక వృద్ధురాలు నన్ను అడిగిన ప్రశ్న అందుకు కారణం. తాను చేసిన నవదిన ప్రార్థనలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి, మోక్షానికి ఇవి చాలునా అని ఆమె అడిగింది.

చౌదరి గారు 1803లో పర్లాకిమిడి ప్రాంతంలోని మదనపురంలో ఒక వంగ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. తెలుగు పద్యం మీద చక్కని పట్టు సాధించారు. క్రైస్తవ కరపత్రాలు చదివి, 1833లో కటకంలో జ్ఞానస్నానం పొందారు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణుడు క్రైస్తవుడు కావడమంటే ఏమిటో ఊహించండి. బంధువులు, గౌరవం, కట్టుబాట్లు అన్నీ పోయినట్లే. తరువాత 1890లో మరణించేవరకు క్రీస్తును ప్రకటిస్తూ, కీర్తనలు కట్టారు. ‘కులాచార పరీక్ష’ కూడా వ్రాశారు. (కులం చూసి సంబంధాలు కలుపుకొనే మన విచారణల వారు ఆ పేరునైనా గుర్తుంచుకోవాలి.)

ఇంత వదులుకున్న మనిషి దేవుని దగ్గర తన త్యాగాన్ని లెక్క చూపవచ్చు గదా! ఆ కీర్తనలో అటువంటి లెక్క లేదు. దిక్కులేనివాడిలా వట్టి చేతులతో వచ్చి దయ చూడమంటారు, అంతే.

వారు కృప అన్నదానినే మనం వరప్రసాదం అంటాము. ప్రసాదాన్ని ఎవరూ సంపాదించుకోరు, చేయి చాపి అందుకుంటారు. ఇది ప్రొటెస్టంటుల బోధ కదా అని కొందరంటారు. క్రీస్తు వరప్రసాదం లేకుండా తన క్రియలతో ఎవరూ నీతిమంతులు కాలేరని 1547లో మన ట్రెంటు మహాసభే తీర్మానించింది. మనం సమ్మతించాలి, నిజమే. ఆ సమ్మతిని మనలో మేల్కొలిపేది కూడా వరప్రసాదమే. సత్క్రియలు దాని ఫలాలు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో శ్రీసభ, లూథరన్ సంఘాలు ఈ మూల సత్యంపై ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి.

నవదిన ప్రార్థనలు మానవద్దనీ, లెక్కపెట్టడం మానమనీ ఆ తల్లితో చెప్పాను. ఆమె కాసేపు మౌనంగా ఉంది. అయితే ఇన్నేళ్లుగా గుడి గడప తొక్కని తన కొడుక్కి కూడా ఆశ ఉందా అని అడిగింది. ఆ లెక్కంతా ఎవరి కోసమో నాకప్పుడు అర్థమైంది. ఉందమ్మా అన్నాను.